చూపు ఆనేదెట్లా?

జమ్మలమడుగులో మా పెద్దమ్మ ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఇప్పటికీ పూటకో గంట మగ్గం గుంటలోకి కాళ్ళు దించి కూర్చోకపోతే ఆమెకు అన్నం సయించదు. ఆ మధ్య సంక్రాంతికి పోయినప్పుడు నా భుజాన వేలాడుతున్న కెమేరాను ఎగాదిగా చూసి, "ఒరే నాయనా, ఊరందరి ఫోటోలూ తీస్తావంట. నాదొకటి మంచిది తీసి పెట్టుకోరాదా? రేపు నేను పోయినాక ఆ ఆధార్ కార్డులోని మొగాన్నే పెద్దది చేయించి గోడకు కొట్టినారంటే, దాన్ని చూసి మనవళ్ళు జడుసుకుంటారు" అనింది.

ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా అమ్మ పోయినప్పుడు సరిగా అట్లాగే జరిగింది. అమ్మ ఒక్కతే ఉన్న ఫోటో మా ఇంట్లో లేకపోయింది. ఎవరిదో పెళ్ళిలో తీసిన గుంపు ఫోటోలోంచి ఆమె ముఖాన్ని కోసి పెద్దది చేయించాము. ఆ పటంలో అమ్మ ముఖం పొగమంచులో ఉన్నట్టుంటుంది. ఏ గుడ్డతో తుడిచినా పోయే మసక కాదది. పెద్దమ్మ ముఖం అచ్చం అమ్మ ముఖమే. కాబట్టి ఈసారి పొరపాటు జరగకూడదనుకున్నాను.

పెద్దమ్మను మగ్గం దగ్గరే కూర్చోబెట్టాను. ఆ గదికి ఒకటే కిటికీ. మగ్గం మీద వేలాడుతున్న బల్బు ఒకటి. నేను పడుగుకు ఆ కొసన మోకాళ్ళ మీద కూర్చుని పన్నెండు ఫోటోలు తీశాను. కెమేరా వెనక ఉన్న చిన్న తెర మీద చూస్తే పన్నెండూ ముత్యాల్లా ఉన్నాయి. పండగ పూర్తయి ప్రొద్దుటూరికి వచ్చి, వాటిని కంప్యూటరు పెద్ద తెర మీద వేసి చూసేటప్పటికి నా ప్రాణం ఉసూరుమంది. పడుగు పోగులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. వాటి వెనక పెద్దమ్మ ముఖం మాత్రం మళ్ళీ అదే పొగమంచు!

మన పెద్దవాళ్ళు "కళ్ళు ఆనడం లేదు నాయనా" అంటూంటారు. చూపు పోయి ఒకచోట కుదురుకోకపోవడాన్ని ఇంతకన్న చక్కగా చెప్పే మాట మరొకటి లేదు. బళ్ళో భౌతికశాస్త్రం పుస్తకాలు ఫోకస్‌ను 'నాభి' అన్నాయి. లాటిన్ భాషలో ఫోకస్ అంటే పొయ్యి. కిరణాలన్నీ ఒక్కచోట చేరి మంట పుట్టించే బిందువుకు 1604లో కెప్లర్ ఆ పేరు వాడుకలోకి తెచ్చాడు. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నాకు మాత్రం 'చూపు ఆనడమే' బాగుంది. నా కెమేరాకు చూపు ఆనలేదు. ఎందుకు ఆనలేదు? ఈ వారం కథ అదే.

ప్రొద్దుటూరులో నాకు తెలిసిన స్టూడియో పెద్దాయన ఒకాయన ఉన్నాడు. డెబ్బై దాటాయి. ఫిల్ముల కాలంలో మొదలుపెట్టి, ఇప్పుడు కొడుక్కు వదిలేసి, స్టూడియో ముందు కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూంటాడు. నా ఫోటోలు తీసుకుపోయి చూపించి, "చేయి వణికినట్టుందన్నా" అన్నాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "చేయి వణికుంటే పోగులెందుకు ఇంత కచ్చితంగా వస్తాయి సారూ? ఫోటో చెడిపోతే ముందు అడగాల్సింది ఒకటే. దీంట్లో యాడన్నా ఒకచోట శుద్ధంగా ఉండాదా అని. ఉంటే చూపు తప్పిందని లెక్క. యాడా లేకుండా, ప్రతి దీపమూ ఒకే పక్కకు గీత గీసినట్టుంటే చేయి కదిలిందని లెక్క. అంతా శుద్ధంగా ఉండి మనిషొక్కడే అలుక్కుపోయుంటే ఆ మనిషే కదిలినాడని. రోగం తెలీకుండా మందు తాగితే ఎట్లా?" అన్నాడు.

నేను ఇన్నాళ్ళూ మసకగా వచ్చిన ప్రతి ఫోటోకూ చేతినే తిట్టుకున్నాను. మా ఇంట్లో పాత ఫోటోలు తీసి ఈ లెక్కన చూసుకుంటే, చీకటి గదుల్లో తీసినవాటిలో సగానికి పైగా చేతి తప్పు లేనే లేదు. చూపే వేరొకచోట ఆనింది. ఒకదాంట్లో మా అబ్బాయి మొదటి పుట్టినరోజు కేకు మీది మెరుపు కాగితం, ఇంకొకదాంట్లో మా నాన్నగారి వెనక గోడకున్న క్యాలెండరు!

కెమేరా దానంతట అది చూపు ఆనించుకోవడం చాలా పాత విద్యేమీ కాదు. 1977లో జపాను వారి కోనికా సీ 35 ఏఎఫ్ అనే చిన్న కెమేరాతో అది బజారులోకి వచ్చింది. 1985లో మినోల్టా 7000 వచ్చాక పెద్ద కెమేరాలు కూడా ఆ దారి పట్టాయి. దాని లోపల జరిగే పని పెద్దాయన నాకు ఒక పాత కెమేరా ఇచ్చి చూపించాడు. అందులోంచి చూస్తే నడిమధ్య చిన్న వృత్తం. ఎదుటి స్తంభం ఆ వృత్తంలో రెండు ముక్కలై, పై ముక్క ఒక పక్కకూ కింది ముక్క ఒక పక్కకూ జరిగి కనిపించింది. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ పోతే రెండు ముక్కలూ దగ్గరికి వచ్చి అతుక్కున్నాయి. అతుక్కున్న చోట చూపు ఆనినట్టు. లెన్సు ఒక పక్క నుంచి వచ్చిన వెలుతురునూ, రెండో పక్క నుంచి వచ్చిన వెలుతురునూ పోల్చి చూడటమే ఇందులోని కిటుకు. ఇప్పటి కెమేరాలు చాలావరకు ఇదే పనిని కన్ను లేకుండా లెక్కలతో చేస్తాయి.

ఇంకొక పద్ధతి ఉంది. అది తంబురా శ్రుతి చేసినట్టు. తీగ బిగిస్తూ పోయి, శ్రుతి దాటిందని తెలిశాక వెనక్కు వచ్చి నిలిపినట్టు, కెమేరా లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి, అంచులు ఎక్కడ బాగా తేరాయో కనిపెట్టి అక్కడ ఆగుతుంది. చీకట్లో లెన్సు గిర్రున అటూ ఇటూ తిరిగి ఎక్కడా నిలవక మొరాయించడం మీరూ చూసే ఉంటారు. అది శ్రుతి దొరకని తంబురా.

ఏ పద్ధతిలోనైనా కెమేరాకు కావలసినవి రెండు. ఒకటి వెలుతురు. రెండోది ఒక అంచు, అంటే నలుపూ తెలుపూ కలిసే గీత. సున్నం కొట్టిన ఉత్త గోడను పట్టపగలు చూపించినా చాలా కెమేరాలు తికమక పడతాయి. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు మరి. గీత స్పష్టంగా ఉంటే కొంచెం చీకట్లో కూడా పట్టుకుంటాయి. ఇప్పుడు నా తప్పు మీకు అర్థమై ఉంటుంది. వరసగా సాగిన పడుగు పోగుల కన్న కెమేరాకు ఇష్టమైన తిండి ఇంకేముంది? పైగా అవి పెద్దమ్మ కంటె నాకు దగ్గరగా ఉన్నాయి. ఎక్కడ చూడాలో నేను చెప్పలేదు. 'నీ ఇష్టం' అని కెమేరాకే వదిలేశాను. అది దగ్గరున్నదాన్నీ, గీతలున్నదాన్నీ పట్టుకుంది. కెమేరాకు పెద్దమ్మ అయితేనేం, పోగయితేనేం!

వెలుతురు సంగతి చూద్దాం. ఫోటోలవాళ్ళు వెలుతురును మెట్ల లెక్కన కొలుస్తారు. ఒక్కో మెట్టు దిగితే వెలుతురు సగమవుతుంది. మన కడప జిల్లా మిట్టమధ్యాహ్నపు ఎండ 15వ మెట్టు. ఒక బల్బు వెలిగే మామూలు ఇంటి గది 5వ మెట్టు. తేడా పది మెట్లే అనిపిస్తుంది. కాని పదిసార్లు సగం చేసి చూడండి, వెయ్యి రెట్లు తగ్గుతుంది. మన కన్ను ఆ తేడాను మనకు తెలియనివ్వదు. ఎండలోంచి ఇంట్లోకి వచ్చిన కాసేపటికే అలవాటు పడిపోయి, 'గదిలో బాగానే వెలుతురుంది' అని చెబుతుంది. మనం ఆ మాట నమ్మి కెమేరా తీస్తాం. నిండు వెన్నెల సున్నా కంటె కిందకు దిగి, మైనస్ 3 ప్రాంతంలో ఉంటుంది. కొత్త కెమేరాల వివరాల్లో మైనస్ 4 దాకా, మైనస్ 6 దాకా చూపు ఆనుతుందని రాస్తారు. అబద్ధం కాదు. కాని ఆ లెక్క వెడల్పాటి కన్నున్న లెన్సుతో, స్పష్టమైన గీతను చూపించి కట్టినది. మామూలు లెన్సుతో, నల్లచీర కట్టుకున్న మనిషికి ఆ లెక్క వర్తించదు.

అందుకే నేను ముందుగా 1.8 లెన్సు ఒకటి కొనుక్కున్నాను. అంకె చిన్నదైన కొద్దీ లెన్సు కన్ను పెద్దది. కెమేరాతో పాటు వచ్చే మామూలు లెన్సు 5.6 దగ్గర పనిచేసేచోట, 1.8 లెన్సు దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది. కెమేరా చూసుకోవడానికి అది గొప్ప సాయం. కాని పెద్ద కన్నుకు ఒక శాపం ఉంది. ఏ దూరంలో చూపు ఆనిందో అక్కడ తప్ప, దానికి ముందూ వెనకా మసకే. పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మంత వైశాల్యమున్న కెమేరాలో, 50 మిల్లీమీటర్ల లెన్సును 1.8 దగ్గర తెరిచి రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే, స్పష్టంగా ఉండే లోతు 17 సెంటీమీటర్లు. జానెడు కూడా కాదు. ఒక మీటరు దూరానికి పోతే 4 సెంటీమీటర్లు, అంటే రెండు వేళ్ళ మందం. అప్పుడు ముక్కుకొన మీద ఆనితే చెవి పోతుంది.

ఇంకొక దొంగదెబ్బ ఉంది. నేను మొదటినుంచీ ఫోటో నడిమధ్యలో మనిషి కంటిని పట్టుకుని, చూపు ఆనించి, తరవాత కెమేరాను పక్కకు తిప్పి బొమ్మను అందంగా కూర్చుకునేవాణ్ణి. ఎండలో ఈ పద్ధతి బాగా నడుస్తుంది. చీకట్లో, పెద్ద కన్ను తెరిచినప్పుడు మోసం చేస్తుంది. రెండు మీటర్ల దూరంలో చూపు ఆనించి, కెమేరాను 20 డిగ్రీలు తిప్పితే, చూపు మనిషి వెనక 12 సెంటీమీటర్ల దగ్గరికి పోతుంది. మనకున్నదే 17. అందులో సగం మనిషికి ముందు, సగం వెనక. కాబట్టి మునిగామన్నమాటే. కెమేరాను తిప్పకుండా, చూపు ఆనే గుర్తునే తెర మీద జరుపుకుంటూ పోయి కంటి మీద పెట్టడమే మేలు.

"మరి ఫ్లాషు వేస్తే పోలా?" అంటారేమో. నేనూ అదే అన్నాను. పెద్దాయన నవ్వాడు. "ఫ్లాషు వెలిగేది యెప్పుడు సారూ? బటను పూర్తిగా నొక్కినాక. చూపు ఆనాల్సింది యెప్పుడు? అంతకు ముందు. పెండ్లయినాక ముహూర్తం చూసినట్టుంటుంది" అన్నాడు. చాలా కెమేరాలకు ముందుభాగాన ఒక చిన్న దీపం ఉంటుంది. ఫ్లాషు కాదు, చూపు ఆనడానికి మాత్రమే వెలిగేది. అది నాలుగైదు మీటర్లు దాటితే పెద్దగా పనికిరాదు. ఫోన్ల సంగతీ అంతే. రాత్రి ఫోటోలకు ఫోను వరసగా అనేక బొమ్మలు తీసి ఒకటిగా కలిపేస్తుంది. చీకటి పోతుంది. కాని చూపు తప్పుచోట ఆనివుంటే ఆ బొమ్మలన్నీ తప్పే. పది తప్పులు కలిపితే ఒప్పు కాదు గదా.

ఇదంతా కెమేరా తనంతట తాను చూడలేని కాలంలో ఎట్లా నడిచిందా అని ఆలోచించాను. సమాధానం మన జిల్లాలోనే ఉంది. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డిగారు 1951లో 'మల్లీశ్వరి' తీశారు. దానికి కెమేరా పట్టినవారు ఆది ఇరానీగారు, బి.ఎన్. రెడ్డిగారి తమ్ముడు కొండారెడ్డిగారు. మరో తమ్ముడు నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కలిసి నడిపిన విజయా సంస్థ 1957లో 'మాయాబజార్' తీసినప్పుడు మార్కస్ బార్ట్‌లేగారు తెర మీద వెన్నెల కాయించారు. ఇవన్నీ కెమేరాకు సొంత చూపు లేని రోజులు. సినిమాలవాళ్ళ పద్ధతి ఏమిటంటే, కెమేరా సహాయకుడు టేపు పట్టుకుని కెమేరా నుంచి నటుడి కంటిదాకా దూరం కొలుస్తాడు. లెన్సు రింగు మీద ఆ అంకె పెడతాడు. నటుడు నడిచి రావలసి ఉంటే, ఆగవలసిన చోట నేల మీద సుద్దతో గుర్తు పెడతాడు. నటుడు అడుగు వేస్తుంటే సహాయకుడు రింగు తిప్పుతూ వస్తాడు. టేపుకు చీకటితో పనిలేదు. వెలుతురున్నా లేకపోయినా రెండు మీటర్లు రెండు మీటర్లే.

ఇప్పటికీ చాలా కెమేరాల పైన, ఒక చిన్న సున్నా, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక గీత, ఆ గుర్తు చెక్కి ఉంటుంది. కొలత మొదలుపెట్టవలసింది అక్కడినుంచే. నేను ఆ గుర్తును కంపెనీ ముద్ర అనుకుని ఇన్నేళ్ళు గడిపాను!

పులివెందులలో మా సహోద్యోగి కూతురి పెళ్ళికి పోయినప్పుడు ఈ విద్య పరీక్షకు వచ్చింది. తెల్లవారుజామున ముహూర్తం. హోమం పొగ. తాళి కట్టే వేళకు కరెంటు పోయి, జనరేటరు అందుకునేలోగా మండపంలో దీపాలూ హోమగుండమూ మాత్రమే మిగిలాయి. నా పక్కనున్న కుర్ర ఫోటోగ్రాఫరు కెమేరా లెన్సు అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయింది. నేను అంతకు ముందు వెలుతురున్నప్పుడే పీటల దగ్గర పెళ్ళికొడుకు తలపాగా మీద చూపు ఆనించి, కెమేరా పక్కనున్న మీటను తిప్పి, ఇక నువ్వు చూడనక్కరలేదని దానికి చెప్పేశాను. పీటలు కదలవు, నేనూ కదలలేదు. మూడు ఫోటోల్లో రెండు నిలిచాయి. గొప్ప చెప్పుకోవడం కాదు. మూడోదాంట్లో ఎవరో మామగారి మోచేయి అడ్డొచ్చింది.

ప్రొద్దుటూరు దసరా ఊరేగింపుల్లో కూడా ఇదే పనికొస్తుంది. వరస బల్బుల వెలుగు కెమేరాకు కన్నుకుట్టు. మనుషుల్ని వదిలి బల్బుల మీదకు పోతుంది. అందుకని, వచ్చే దారిలో ఒక అరుగునో గడపనో గుర్తు పెట్టుకుని, దాని మీద ముందే చూపు ఆనించి, ఊరేగింపు ఆ గుర్తు దగ్గరికి వచ్చేదాకా కాచుకోవాలి. సినిమా సుద్దగుర్తు లాంటిదే.

చూడవలసినది రాయి అయితే సంగతి వేరు. ప్రొద్దుటూరుకు దగ్గరలోనే ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ళ ఉంది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన తెలుగు శాసనం అక్కడిదే. దొరికిన పూర్తి తెలుగు శాసనాలలో అతి పురాతనమైనదని పండితులు చెబుతారు. అటువంటి గడ్డ మీద తెలుగు చెప్పేవాడికి శాసనాల పిచ్చి పట్టకుండా ఎట్లా ఉంటుంది? ఏటా పిల్లల్ని వెంటబెట్టుకుని చుట్టుపక్కల పాత గుళ్ళకు పోతూంటాను. ఒకసారి ఒక పాడుబడిన గుడి మండపంలో, చీకటి మూల, అరిగిపోయిన అక్షరాల రాతిపలక ఒకటి కనిపించింది. కెమేరాకు అది ఉత్త బండే. చూపు ఆనదు. ఒక పిల్లవాడు ఫోనులోని టార్చి ఎదురుగా వేశాడు. వెలుతురు వచ్చింది గాని అక్షరాలు మాత్రం ఇంకా మాయమయ్యాయి. "పక్కకు పో నాయనా, రాతికి ఆనించి వెయ్యి" అన్నాను. వాడు పలక పక్కకు పోయి, టార్చిని రాతికి దాదాపు తాకేట్టుగా వాలుగా పెట్టాడు. ప్రతి అక్షరం గుంటలోనూ ఒక నీడ నిలిచింది. కెమేరా ఒక్క క్షణంలో పట్టుకుంది. కెమేరాయే కాదు, అంతవరకు బండ అనుకున్న పిల్లలు కూడా కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారు. కెమేరా చూపుకూ మనిషి చూపుకూ కావలసింది అంచే. పురావస్తు శాఖవారి కట్టడాలలో మూడుకాళ్ళ స్టాండు పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. టార్చి పట్టుకునే పిల్లవాడు ఒకడుంటే స్టాండు లేని లోటు చాలావరకు తీరుతుంది.

ఇక గండికోట. జమ్మలమడుగుకు పదిహేను కిలోమీటర్ల ప్రాంతం. పెన్న లోయను పగలు చూడటానికి వచ్చే జనంలో చాలామంది ఇప్పుడు రాత్రి గుడారాలు వేసుకుని నక్షత్రాలు కూడా చూసిపోతున్నారు. నక్షత్రాలకు దూరం అనంతం గదా, రింగును ఆ చివరకు తిప్పేస్తే సరిపోతుందని నేనూ అనుకుని, ఒక రాత్రంతా తీసి, పొద్దున్నే చూసుకుంటే నక్షత్రాలన్నీ శనగపప్పు బద్దల్లా ఉన్నాయి. చాలా లెన్సుల రింగు అనంతం గుర్తును దాటి కూడా కొంచెం తిరుగుతుంది. చివరిదాకా తిప్పితే గురి దాటిపోయినట్టే. మరుసటిసారి అందరికన్న వెలిగే చుక్కను తెర మీదకు తెచ్చి, దాన్ని పది రెట్లు పెద్దది చేసి చూస్తూ, చేత్తో రింగు తిప్పాను. బద్ద కాస్తా రవ్వంత చుక్క అయిన చోట ఆపి, రింగు కదలకుండా కాగితపు టేపు అంటించాను. రాత్రంతా దాని జోలికి పోలేదు. అప్పుడు కుదిరింది.

ఇన్ని నేర్చుకున్నాక కూడా చేత్తో తిప్పి తీసిన ఫోటోలు కొన్ని రవ్వంత మసకగానే ఉండేవి. పెద్దాయన నా కెమేరా కంటికి పెట్టుకుని, వెంటనే తీసేసి, "నీకెన్నేళ్ళు సారూ?" అన్నాడు.

"నలభై ఆరు."

"అద్దాలు?"

"చదివేటప్పుడు పెట్టుకుంటాను."

కెమేరాలో మనం కన్ను పెట్టి చూసేచోట పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది. మన కంటికి తగ్గట్టు దాన్ని సరిచేసుకోవాలి. నేను కొన్ననాటి నుంచీ దాన్ని ముట్టుకోలేదు. తెర మీది అంకెలు కళ్ళకు కచ్చితంగా కనపడేదాకా దాన్ని తిప్పమన్నాడు ఆయన. మూడు గాట్లు తిరిగింది! బొమ్మ బాగున్నా నా కంటికి మసకగా, మసకగా ఉన్నా బాగున్నట్టు ఇన్నాళ్ళు కనిపించిందన్నమాట. చత్వారం అనే మాట చత్వారింశత్ నుంచి, అంటే నలభై నుంచి వచ్చిందని తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. పిల్లలకు చెప్పడమే గాని నాకు నేను చెప్పుకోలేదు.

ఉగాదికి మళ్ళీ జమ్మలమడుగు పోయాను. సంచిలో కెమేరా, మూడుకాళ్ళ స్టాండు, ఒక టార్చి, కుట్టుమిషను దగ్గరుండే టేపు. పెద్దమ్మ టేపును చూసి, "నాకు రవిక కుడతావా యేంది?" అనింది.

ఈసారి పడుగుకు ఎదురుగా కాకుండా పక్కగా, కిటికీ వైపు కూర్చున్నాను. నాకూ పెద్దమ్మకూ మధ్య పోగులు లేవు. లెన్సును 1.8 నుంచి 2.8కి మూశాను. లోతు 17 నుంచి 27 సెంటీమీటర్లకు వచ్చింది. అరవయ్యోవంతు సెకను. స్టాండు ఉంది గనుక చేతి భయం లేదు. చూపు ఆనే గుర్తును పెద్దమ్మ కళ్ళజోడు చట్రం పైకి జరిపాను. చీకట్లో ముఖం మీద అంతకన్న మంచి గీత దొరకదు, కంటికి దగ్గర కూడాను. మనవడొకడు టార్చి తెచ్చి చెంప వైపు నుంచి చూపించాడు. కెమేరా పట్టుకుంది. ఆ చూపును అక్కడే నిలిపి, టార్చి ఆర్పమన్నాను. ఆ తరవాత, "నువ్వు నేయి పెద్దమ్మా" అన్నాను. ఆమె నాడె విసిరింది. ప్రతిసారీ కొంచెం ముందుకు వంగి వెనక్కు వస్తుంది. వెనక్కు వచ్చి ఒక్క క్షణం నిలిచినప్పుడల్లా నొక్కాను. మధ్యమధ్య ఆపి, చిన్న తెర మీద బొమ్మను పూర్తిగా చూసి సంబరపడకుండా, కంటిని మాత్రం పెద్దది చేసి చూసుకున్నాను. ఇరవైలో ఏడు కుదిరాయి. ఏడు చాలవూ?

ప్రొద్దుటూరుకు వచ్చి పెద్ద తెర మీద వేశాను. కంటి కొసన మూడు గీతలు. నవ్వేముందు పెద్దమ్మకు అవి ముందుగా నవ్వుతాయి. అమ్మకూ అంతే. మా ఇంటి గోడ మీది పటంలో ఆ గీతలు లేవు. నేను వాటిని మరిచిపోయానన్న సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది.

మంచిది ఒకటి ఎంచి, పటం కట్టించి, ఎందుకైనా మంచిదని పాత తప్పు ఫోటో ఒకటి కూడా చిన్నదిగా వేయించి, రెండూ తీసుకుపోయి పెద్దమ్మ చేతికిచ్చాను. ఆమె పటాన్ని ఒకసారి చూసి, "ముసిల్దాన్నయినా బాగానే ఉండా" అని పక్కన పెట్టింది. రెండోదాన్ని మాత్రం కిటికీ దగ్గరికి తీసుకుపోయి, కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి, చాలాసేపు చూసింది.

"ఇదెప్పుడు తీసినావు?"

"సంక్రాంతికి. అది చెడిపోయింది పెద్దమ్మా, మొగం రాలేదు."

"మొగం సంగతి వదిలెయ్. ఇక్కడ చూడు, ఈ కుడి పక్క పోగు తెగింది. అందుకే ఆ చీర అంచు మూరెడు దూరం పలచగా వచ్చె. యాడ తెగిందో తెలీక మూడు దినాలు తలకాయ పట్టుకుంటిమి. నీ కెమేరాకు కనపడింది గదా, అప్పుడే చెప్పరాదా?"

ఇప్పుడా పటం బీరువాలో, పెట్టవలసిన రోజు వచ్చేదాకా ఉండమని, పాత చీరలో చుట్టి పెట్టి ఉంది. తప్పు ఫోటో మగ్గం పైన, బల్బు పక్కన, మేకుకు వేలాడుతోంది.